హైడ్రోజన్‌ది ఏ గ్రూపు? లెక్కలు వేసి చూస్తే

గోడకు తగిలించే ఆవర్తన పట్టికల్లో దాదాపు అన్నింటిలోనూ హైడ్రోజన్ ఎడమవైపు పైమూల గడిలో, లిథియం మీద ఉంటుంది. రంగు మాత్రం లిథియం రంగు కాదు. కొందరు ఆ రెండు గడుల మధ్య సన్నటి సందు వదులుతారు. కొందరు ఫ్లోరిన్ పైన కూడా హైడ్రోజన్‌ను మరోసారి అచ్చువేస్తారు. అరుదుగా కొన్ని పట్టికల్లో అది ఏ నిలువు వరుసకూ అంటకుండా నడుమ పైభాగాన ఒంటరిగా కనిపిస్తుంది. రసాయన నామకరణాల్లో తుదిమాట చెప్పే ఐయూపీఏసీ తన పట్టికలో దాన్ని ఒకటో గ్రూపులోనే చూపిస్తుంది. కానీ 2005 నాటి నియమాల పుస్తకంలో ప్రధాన గ్రూపు మూలకాలంటే ఏవో చెప్పేటప్పుడు హైడ్రోజన్‌ను మినహాయించింది. క్షార లోహాల (ఒకటో గ్రూపులోని లిథియం, సోడియం లాంటివి) జాబితాలోనూ దానికి చోటివ్వలేదు.

ఈ తడబాటు పట్టిక మొదటి వరుసలోనే మొదలైంది. అక్కడున్నవి రెండే మూలకాలు, వాటికి చోటు ఇచ్చిన నియమాలూ రెండు. హైడ్రోజన్‌కు 1ఎస్ ఆర్బిటాల్‌లో ఒక ఎలక్ట్రాన్ ఉంది కాబట్టి, బయటి ఎస్ ఆర్బిటాల్‌లో ఒక్క ఎలక్ట్రానే ఉన్న లిథియం, సోడియంల పైన పెట్టారు. ఇది ఎలక్ట్రాన్ విన్యాసం చూసి చేసిన పని. అదే నియమం హీలియంకు వర్తింపజేస్తే, 1ఎస్‌లో రెండు ఎలక్ట్రాన్లున్న అది బెరీలియం పైన, రెండో గ్రూపులో ఉండాలి. ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ జానెట్ 1920ల చివర్లో గీసిన మెట్ల పట్టికలో హీలియం అక్కడే ఉంది. మామూలు పట్టికలో మాత్రం దాన్ని తీసుకెళ్లి నియాన్ పైన, 18వ గ్రూపులో పెట్టారు, అది దేనితోనూ కలవదు కాబట్టి. హీలియంకు గుణం, హైడ్రోజన్‌కు విన్యాసం! హైడ్రోజన్‌కు కూడా గుణాన్నే కొలమానంగా తీసుకుంటే అది ఎక్కడికి పోవాలి? ఇంటర్ పాఠాల్లో క్షార లోహాలతో పోలికలు, హాలోజన్లతో (ఫ్లోరిన్, క్లోరిన్ ఉన్న 17వ గ్రూపు) పోలికలు అంటూ రెండు జాబితాలు ఇచ్చి ఊరుకుంటారు. ఆ జాబితాలు ఎంత చదివినా తేలదు. కిలోజౌళ్లలోకి దిగితే తేలుతుంది.

ఎలక్ట్రాన్ వదులుకోవడం

ఒకటో గ్రూపు మూలకం అంటేనే బయటి ఎలక్ట్రాన్‌ను తేలిగ్గా వదిలేసేది. అయనీకరణ శక్తులు, అంటే ఆ ఎలక్ట్రాన్‌ను లాగడానికి పట్టే శక్తులు చూడండి. మోలుకు లిథియంకు 520 కిలోజౌళ్లు, సోడియంకు 496, పొటాషియంకు 419, సీజియంకు 376. హైడ్రోజన్‌కు 1312. ఇది క్లోరిన్ (1251) కన్నా ఎక్కువ. సోడియం నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి పట్టే శక్తికి రెండున్నర రెట్ల పైమాటే.

అంతకన్నా పెద్ద తేడా ఎలక్ట్రాన్ పోయాక మిగిలేదానిలో ఉంది. లిథియం పరమాణువు వ్యాసార్ధం సుమారు 152 పికోమీటర్లు. ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయాన్ అయితే 76 పికోమీటర్లు, అంటే సగం. లోపల ఇంకో కర్పరం, అందులో రెండు ఎలక్ట్రాన్లు ఉన్నాయి కాబట్టి అది ఇంకా పరమాణువు పరిమాణంలోనే ఉంటుంది. హైడ్రోజన్‌కు లోపలి కర్పరమే లేదు. ఉన్న ఒక్క ఎలక్ట్రాన్ పోతే మిగిలేది కేంద్రకం, అంటే ఒంటి ప్రోటాన్. దాని వ్యాసార్ధం దాదాపు 0.84 ఫెమ్టోమీటర్లు. హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్ తిరిగే బోర్ వ్యాసార్ధం 53 పికోమీటర్లు. తగ్గుదల 60 వేల రెట్లకు పైనే. సోడియం అయాన్‌నూ హైడ్రోజన్ అయాన్‌నూ ఒకే తీరుగా ‘ఏకధనావేశ అయాన్లు’ అని రాయడం కాగితం మీద సౌకర్యమే తప్ప అవి ఒక జాతివి కావు.

ఇంత చిన్న చోట ఒక పూర్తి ధనావేశం ఉంటే అది ఒంటరిగా నిలవదు. పక్కనున్న ఏ పరమాణువు దగ్గర ఎలక్ట్రాన్ జంట ఖాళీగా ఉంటే దానికి అతుక్కుంటుంది. నీటిలో అది హైడ్రోనియం అయాన్‌గా మారి, చుట్టూ మరికొన్ని నీటి అణువులను పట్టుకుంటుంది. ఈ అతుక్కోవడంలో విడుదలయ్యే హైడ్రేషన్ శక్తి మోలుకు దాదాపు 1091 కిలోజౌళ్లు. లిథియం అయాన్‌కు ఇది 519, సోడియం అయాన్‌కు 406.

ఈ అంకెలను కూడి చూస్తే హైడ్రోజన్ కథ సగం అర్థమవుతుంది. ఘన సోడియంను విడి పరమాణువులుగా చేయడానికి మోలుకు సుమారు 107 కిలోజౌళ్లు కావాలి. ఎలక్ట్రాన్ లాగడానికి 496. మొత్తం 603. నీటిలో అయాన్ స్థిరపడినప్పుడు 406 తిరిగొస్తుంది. నికరంగా అయ్యే ఖర్చు 197. హైడ్రోజన్ అణువును చీల్చి ఒక మోలు పరమాణువులు పొందడానికి 218, అంటే బంధశక్తి 436లో సగం. ఎలక్ట్రాన్ లాగడానికి 1312. మొత్తం 1530. నీరు తిరిగిచ్చేది 1091. నికర ఖర్చు 439. రెండింటి మధ్య తేడా 242 కిలోజౌళ్లు. దీన్ని ఫారడే స్థిరాంకం 96.5తో భాగిస్తే 2.5 వోల్టులు వస్తుంది. నీటిలో అయాన్‌గా మారే మొగ్గును కొలిచే ప్రమాణ పొటెన్షియల్ సోడియంకు మైనస్ 2.71 వోల్టులు, హైడ్రోజన్‌కు సున్నా. ఎంట్రోపీని వదిలేసి వేసిన మోటు లెక్కకే ఇంత దగ్గరి జవాబు వచ్చింది. సోడియం నీళ్లలో పడితే ఎందుకు చర్య జరుపుతుందో, హైడ్రోజన్ వాయువును నీళ్లలోంచి ఎంతసేపు బుడగలుగా పంపినా ఎందుకు ఏమీ జరగదో ఈ 242లో ఉంది.

ప్రోటాన్‌కు కూడా లిథియం అయాన్‌కు వచ్చినట్టే 519 కిలోజౌళ్లే వస్తే నికర ఖర్చు 1011కి పోయేది. అప్పుడు నీటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లమనేది ఉండేది కాదు. ఆమ్లాల రసాయనమంతా ప్రోటాన్ నగ్నత్వం మీద నడుస్తోంది. బడి ప్రయోగశాలలో ఇది కళ్లారా చూడొచ్చు. సోడియం క్లోరైడ్ మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును పొడి నీలి లిట్మస్ కాగితానికి తాకిస్తే రంగు మారదు. తడి కాగితానికి తాకిస్తే వెంటనే ఎర్రబడుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఈ ప్రయోగం చెడిపోతుంది, పొడి కాగితం కూడా ఎర్రబడి పిల్లలు తికమకపడతారు. అందుకే వాయువును కాల్షియం క్లోరైడ్ నింపిన గార్డ్ ట్యూబ్ గుండా పంపాలి. పొడి హైడ్రోజన్ క్లోరైడ్‌లో అయాన్లు లేవు, ఉన్నది సమయోజనీయ బంధం. అది మైనస్ 85 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. దాని ‘చెల్లెలు’ అనుకునే సోడియం క్లోరైడ్ కరగడానికే 801 డిగ్రీలు కావాలి.

ఆక్సైడ్ పరీక్ష కూడా చెప్పుకోదగ్గదే. క్షార లోహాల ఆక్సైడ్లు గట్టి క్షారాలు. క్లోరిన్ ఆక్సైడ్లు ఆమ్ల స్వభావం గలవి. హైడ్రోజన్ ఆక్సైడ్ అంటే నీరు. అది ఆమ్లంలానూ, క్షారంలానూ ప్రవర్తించగలదు. అటు వరుసలోనూ ఇటు వరుసలోనూ ఇమడదు.

ఎలక్ట్రాన్ తీసుకోవడం

హాలోజన్ల పక్షాన వాదించేవాళ్లకు మంచి ఆధారాలే ఉన్నాయి. హైడ్రోజన్ రెండు పరమాణువుల వాయువు, విద్యుత్తు ప్రవహించని అలోహం, స్థిర విన్యాసానికి ఒక్క ఎలక్ట్రాన్ తక్కువ. మీథేన్‌లోని హైడ్రోజన్ స్థానంలో క్లోరిన్‌ను ఒకటొకటిగా పెట్టుకుంటూ కార్బన్ టెట్రాక్లోరైడ్ దాకా పోవచ్చు, అణువు అమరిక చెదరదు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం హైడ్రైడ్లు. సోడియం హైడ్రైడ్ స్ఫటికం అమరిక అచ్చంగా సోడియం క్లోరైడ్ అమరికే. సోడియం హైడ్రైడ్ యూనిట్ సెల్ అంచు సుమారు 488 పికోమీటర్లు, సోడియం ఫ్లోరైడ్‌ది 463. హైడ్రైడ్ అయాన్, ఫ్లోరైడ్ అయాన్ సైజులో దగ్గరివే.

అది నిజంగా రుణావేశ అయానేనా అన్న అనుమానాన్ని 1920లో జర్మనీకి చెందిన కర్ట్ మోయర్స్ విద్యుద్విశ్లేషణతో తీర్చాడు. లిథియం హైడ్రైడ్‌ను కరిగించి విద్యుత్తు పంపితే హైడ్రోజన్ ఆనోడ్ దగ్గర, అంటే ధన ధ్రువం దగ్గర వచ్చింది. నీటి విద్యుద్విశ్లేషణలో అది కాథోడ్ దగ్గర వస్తుందని బడిలో నేర్చుకున్న మనకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. ఒక ఫారడే (ఒక మోలు ఎలక్ట్రాన్ల) విద్యుత్తుకు అర మోలు, అంటే ప్రమాణ పరిస్థితుల్లో 11.2 లీటర్ల వాయువు రావాలి. ఇక్కడ ఆచరణలో ఒక చిక్కుంది. లిథియం హైడ్రైడ్ కరిగేది సుమారు 690 డిగ్రీల దగ్గర. ఆ వేడికి అది కొంత దానంతటదే విడిపోయి హైడ్రోజన్‌ను వదులుతుంది. అప్పుడు ఆనోడ్ దగ్గర పట్టిన వాయువులో ఎంత విద్యుత్తు వల్ల వచ్చిందో, ఎంత వేడి వల్ల వచ్చిందో తేల్చడం కష్టం. దీనికి విరుగుడుగా హైడ్రైడ్‌ను లిథియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్‌ల మిశ్రమ ద్రవంలో కరిగిస్తారు. ఆ మిశ్రమం 355 డిగ్రీల దరిదాపుల్లోనే కరుగుతుంది.

ఇక్కడిదాకా హాలోజన్ల వాదం బాగానే నడిచింది. ఇప్పుడు సోడియం క్లోరైడ్‌కూ సోడియం హైడ్రైడ్‌కూ బోర్న్–హేబర్ లెక్క, అంటే మూలకాల నుంచి స్ఫటికం దాకా ఒక్కో మెట్టు శక్తిని కూడే లెక్క, పక్కపక్కన వేద్దాం. సోడియం వైపు ఖర్చు రెండింటికీ ఒకటే, 603 కిలోజౌళ్లు. క్లోరిన్ వైపు చూస్తే అణువును చీల్చడానికి 243లో సగం, అంటే 121.5 పెట్టాలి, ఎలక్ట్రాన్ తీసుకున్నప్పుడు 349 వస్తుంది. నికరంగా 227 లాభం. హైడ్రోజన్ వైపు 218 పెట్టాలి, వచ్చేది 73 మాత్రమే. నికరంగా 145 నష్టం. సంశ్లేషణ ఎంథాల్పీలు సోడియం క్లోరైడ్‌కు మైనస్ 411, సోడియం హైడ్రైడ్‌కు మైనస్ 56. వీటి నుంచి వెనక్కి లెక్కిస్తే స్ఫటిక జాలక శక్తి క్లోరైడ్‌కు సుమారు 787, హైడ్రైడ్‌కు సుమారు 804 వస్తుంది.

ఈ చివరి జంట అంకెల దగ్గర కాస్త ఆగాలి. స్ఫటికం కట్టుకున్నాక హైడ్రైడ్ అయాన్ క్లోరైడ్ అయాన్‌కు ఏమాత్రం తీసిపోలేదు, ఇంకో 17 కిలోజౌళ్లు ఎక్కువే ఇచ్చింది. అయినా సోడియం క్లోరైడ్ భూమి మీద గుట్టలుగా దొరుకుతుంది, సోడియం హైడ్రైడ్ 400 డిగ్రీలు దాటేసరికి సోడియంగా, హైడ్రోజన్‌గా విడిపోతుంది. తేడా అంతా అయాన్ పుట్టే దశలోనే ఉంది. హైడ్రోజన్ పరమాణువుల మధ్య బంధం బిగుతైనది. అది తెగినా, వచ్చే ఎలక్ట్రాన్‌ను పట్టుకోవడానికి కేంద్రకంలో ఒకే ప్రోటాన్ ఉంది. రెండు ఎలక్ట్రాన్లను ఒక్క ప్రోటాన్ అదుపు చేయాలి. అందుకే హైడ్రైడ్ అయాన్ మెత్తనిది. పక్కనున్న లోహాన్ని బట్టి దాని సైజు మారిపోతుంది. స్ఫటికపు కొలతల నుంచి లెక్కిస్తే లిథియం హైడ్రైడ్‌లో సుమారు 128 పికోమీటర్లు, సోడియం హైడ్రైడ్‌లో 142, సీజియం హైడ్రైడ్‌లో 152.

ఈ 145 కిలోజౌళ్ల నష్టం వల్లే అయానిక హైడ్రైడ్లు ఇచ్చే లోహాల జాబితా అంత పొట్టిది. క్షార లోహాలు, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం దాకా సరే. మెగ్నీషియం దగ్గరే బంధంలో సమయోజనీయ వాటా కనిపించడం మొదలవుతుంది, బెరీలియం హైడ్రైడ్ పూర్తిగా వేరే తరహా. క్లోరిన్ అలా కాదు, ఇనుము, రాగి, వెండి దేనితోనైనా క్లోరైడ్ ఇస్తుంది. హాలోజన్ గ్రూపు లక్షణం రుణ అయాన్ ఇవ్వగలగడం ఒక్కటే అయితే హైడ్రోజన్ నెగ్గినట్టే. ఆ అయాన్ ఇష్టపూర్వకంగా ఏర్పడడమే లక్షణమైతే ఓడిపోయినట్టే. ఆక్సీకరణ చేసే హాలోజన్ల పక్కన హైడ్రోజన్ తన చాలా చర్యల్లో క్షయకరణి అన్నది మరో సంగతి.

హైడ్రైడ్ల వ్యవహారం ప్రయోగశాలలో తెలిసిందే అయినా అంకెలు గుర్తుండవు. కాల్షియం హైడ్రైడ్‌ను ద్రావణుల్లోని తేమ తీసేయడానికి వాడతారు. ఒక గ్రాము పూర్తిగా నీటితో చర్య జరిపితే ప్రమాణ పరిస్థితుల్లో లీటరుకు కొంచెం పైన హైడ్రోజన్ వస్తుంది. అందులో సగం హైడ్రైడ్‌ది, సగం నీటిది. ఇంకోవైపు నుంచి చూస్తే, ద్రావణిలో దాగిన ఒక్క మిల్లీలీటరు నీటికి 1.24 లీటర్ల వాయువు. సీసాకు మూత బిగించి పక్కన పెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు, వాయువు బయటకు పోయే దారి ఉంచాలి. సోడియం హైడ్రైడ్ సాధారణంగా ఖనిజ నూనెలో కలిపిన 60 శాతం ముద్దగా అమ్ముతారు. గ్రాము తూస్తే అందులో అసలు సరుకు 0.6 గ్రాములే, అంటే 25 మిల్లీమోళ్లు. ఈ గుణకారం మరిచి నేరుగా తూచేస్తే క్షారం చాలక చర్య సగంలో ఆగుతుంది. హెక్సేన్‌తో నూనె కడిగేశాక మిగిలే పొడి తేమగాలికి అంటుకోగలదు. అంటుకుంటే నీళ్లు గానీ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ గానీ వాడకూడదు, పొడి ఇసుకే దిక్కు. డైమిథైల్ ఫార్మమైడ్‌లో దీన్ని వేడి చేయడం ఇంకా ప్రమాదం. ద్రావణే విచ్ఛిన్నమై వేడి అదుపు తప్పుతుంది. అసలు ‘హైడ్రైడ్’ అన్న పేరు చూసి సోడియం హైడ్రైడ్ కీటోన్‌ను క్షయకరిస్తుందని ఆశించడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. అది ఎక్కువగా ప్రోటాన్‌ను లాగేసే క్షారంగానే పనిచేస్తుంది. క్షయకరణానికి సోడియం బోరోహైడ్రైడ్, లిథియం అల్యూమినియం హైడ్రైడ్ లాంటివి వాడాలి.

మూడో దారి

కార్బన్ పైన పెట్టమన్న ప్రతిపాదన 2003లో మార్షల్ క్రోనిన్ నుంచి వచ్చింది. అంకెలు ఆశ్చర్యపరిచేలా కలుస్తాయి. అయనీకరణ శక్తి హైడ్రోజన్‌కు 1312, కార్బన్‌కు 1086. పాలింగ్ రుణవిద్యుదాత్మకత 2.20, 2.55. ఎలక్ట్రాన్ ఎఫినిటీ, అంటే ఎలక్ట్రాన్ తీసుకున్నప్పుడు వచ్చే శక్తి, 73, 122. రెండింటికీ బయటి కర్పరం సగం నిండింది. రెండూ ఇవ్వడానికీ తీసుకోవడానికీ మొగ్గక పంచుకోవడానికి మొగ్గుతాయి. హైడ్రోజన్ సమ్మేళనాల్లో అత్యధికం కార్బన్‌తోనే అని గుర్తుచేసుకుంటే ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. కానీ ఒకదాని సంయోజకత 1, ఇంకోదాని సంయోజకత 4. ఒక నిలువు వరుసలో ఉన్నవాటి సమ్మేళనాల ఫార్ములాలు కలవాలన్నది మెండెలీవ్ నాటి నుంచీ పట్టిక పునాది. అది వదులుకుంటే పట్టికే అక్కర్లేదు.

అదే ఏడాది పీటర్ ఆట్కిన్స్, హెర్బర్ట్ కేజ్ హైడ్రోజన్‌ను ఏ గ్రూపులోనూ చేర్చకుండా పట్టిక పైన నడుమ ఉంచమన్నారు. ఇది నిజాయితీగా కనిపించినా తప్పించుకోవడమే. పరమాణు సంఖ్యలు ఒక క్రమంలో వచ్చినప్పుడు గుణాలు తిరిగి కనిపిస్తాయన్నది ఆవర్తన నియమం. అందులో మొట్టమొదటి మూలకానికే అది వర్తించదంటే ఎందుకో చెప్పాలి. ఎరిక్ షెరీ ‘త్రికం’ లెక్కతో, అంటే మధ్యదాని పరమాణు సంఖ్య మిగతా రెండింటి సగటుగా ఉండే మూడు మూలకాల జట్టు లెక్కతో, హాలోజన్ల వైపు మొగ్గాడు. హైడ్రోజన్ 1, ఫ్లోరిన్ 9, క్లోరిన్ 17. మధ్యది మిగతా రెండింటి సగటు. హైడ్రోజన్, లిథియం, సోడియం అయితే 1, 3, 11, సగటు కుదరదు. ఈ పొంతన ముచ్చటగా ఉన్నా దాని బలం పీరియడ్ల (అడ్డు వరుసల) పొడవు నుంచి వచ్చింది. ఫ్లోరిన్ నుంచి క్లోరిన్‌కు 8 అడుగులు, హైడ్రోజన్ నుంచి ఫ్లోరిన్‌కూ 8. క్లోరిన్ నుంచి బ్రోమిన్‌కు 18, అందుకే 9, 17, 35 త్రికం కాదు. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్‌లు ఒకే గ్రూపన్నది ఎవరూ కాదనరు కదా.

పాత తరాల అయోమయం

ఈ వాదం కొత్తది కాదు. 1865లో న్యూలాండ్స్ తన ఎనిమిదుల పట్టికలో హైడ్రోజన్‌ను ఫ్లోరిన్, క్లోరిన్‌ల వరుసలో పెట్టాడు. మెండెలీవ్ 1871 పట్టికలో ఒకటో గ్రూపుకు మార్చాడు. 1890ల్లో మెల్‌బోర్న్‌లో ఓర్మ్ మాసన్ మళ్లీ హాలోజన్ల వైపు లాగాడు. నడుమ థామస్ గ్రాహం ఉన్నాడు. పల్లాడియం తన ఘనపరిమాణానికి వందల రెట్ల హైడ్రోజన్‌ను పీల్చుకుంటుందని 1860ల్లో కనిపెట్టి, అది లోహాల మిశ్రమమే అనుకున్నాడు. ఆ లోహానికి హైడ్రోజీనియం అని పేరు పెట్టి, పల్లాడియంతో కలిపి పతకాలు కూడా ముద్రించాడు. ద్రవ హైడ్రోజన్ పాదరసంలా మెరుస్తుందని చాలామంది ఎదురుచూశారు. 1898 మే 10న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ డ్యూయర్ 20 ఘన సెంటీమీటర్ల దాకా ద్రవ హైడ్రోజన్ పట్టేసరికి అది రంగు లేని తేట ద్రవం. మరుసటి ఏడాది గడ్డకట్టించి చూస్తే అదీ పారదర్శకంగానే ఉంది. లోహం ఆశ ఆ శతాబ్దానికి అలా అడుగంటింది.

అసలు కారణం

పైన చెప్పిన వింతలన్నింటికీ వేరు ఒకటే. హైడ్రోజన్‌కు లోపలి కర్పరం లేదు. అడ్డుకునే ఎలక్ట్రాన్లు లేకుండా 1ఎస్ ఎలక్ట్రాన్ కేంద్రకానికి ఎదురుగా నిలబడి ఉంది. లిథియం వర్ణపటాన్ని హైడ్రోజన్‌దానితో పోలిస్తే ఇది తేటతెల్లమవుతుంది. హైడ్రోజన్ బంధన శక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. లిథియం బయటి ఎలక్ట్రాన్ రెండో కర్పరంలో ఉంది. లోపలి రెండు ఎలక్ట్రాన్లు కేంద్రకాన్ని పూర్తిగా కప్పేస్తే ఆ బయటి ఎలక్ట్రాన్ అచ్చం రెండో స్థాయిలోని హైడ్రోజన్ ఎలక్ట్రాన్‌లా ఉండాలి, శక్తి 13.6లో నాలుగో వంతు, 3.4. కిలోజౌళ్లలో అయితే 328. నిజమైన విలువ 5.39, అంటే 520 కిలోజౌళ్లు. కప్పు పూర్తిగా కప్పలేదు, ఎలక్ట్రాన్ అప్పుడప్పుడూ లోపలికి చొరబడుతుంది. ఫార్ములాలో 2 బదులు 1.59 వేస్తే సరిపోతుంది. ఈ చిన్న సవరణ ఒక్కటి పెడితే లిథియం ఎస్ స్థాయిలన్నీ హైడ్రోజన్ ఫార్ములాలోనే ఒదుగుతాయి. సోడియం, పొటాషియంలకూ అంతే, సవరణ అంకె మారుతుంది. ఫ్లోరిన్‌కూ క్లోరిన్‌కూ ఇంత తేలిక ఫార్ములా లేదు. హైడ్రోజన్‌కూ క్షార లోహాలకూ ఉన్న గట్టి బంధుత్వం ఇదే, అది పరమాణువు లోపల ఉంది. సీసాలో పట్టిన పదార్థంలో అది కనిపించదు.

లిథియం నుంచి సీజియం దాకా విలువలను గీతగా గీసి దాన్ని పైకి పొడిగించి హైడ్రోజన్‌ను ఊహించడం అందుకే దెబ్బతింటుంది. ఒకటో స్థాయి నుంచి రెండో స్థాయికి పోవడంలోనే నాలుగు రెట్ల తగ్గుదల ఉంది. ఆ తరువాత మెట్లన్నీ చిన్నవి.

ఒక్క హైడ్రోజన్‌నే దోషిగా నిలబెట్టడం కూడా సబబు కాదు. ప్రతి గ్రూపులోనూ మొదటి మూలకం కిందివాటితో కాస్తో కూస్తో వేరుగానే ఉంటుంది. నైట్రోజన్ వాయువు, ఫాస్ఫరస్ ఘనం. ఆక్సిజన్ రెండు పరమాణువుల అణువు, గంధకం ఎనిమిదింటి వలయం. ఫ్లోరిన్ ఎలక్ట్రాన్ ఎఫినిటీ క్లోరిన్ కన్నా తక్కువ. కారణం, 2పీ ఆర్బిటాల్ కింద మరో పీ ఆర్బిటాల్ లేదు. అందువల్ల అది కేంద్రకానికి దగ్గరగా, చిన్నగా ఉంటుంది. 1ఎస్ కింద మరో ఎస్ లేదు, అసలు ఏమీ లేదు. అయనీకరణ శక్తుల నిష్పత్తి తీస్తే బోరాన్ నుంచి అల్యూమినియంకు 1.39, కార్బన్ నుంచి సిలికాన్‌కు 1.38, ఫ్లోరిన్ నుంచి క్లోరిన్‌కు 1.34, హైడ్రోజన్ నుంచి లిథియంకు 2.5. దిశ అదే, పరిమాణం పెద్దది. హీలియం, బెరీలియంల మధ్య కూడా ఇంతే, 2372కు 899. కాబట్టి హైడ్రోజన్‌కు ఒకటో గ్రూపే సరైన చోటు. అక్కడ అది వింతగా కనిపించడం ఆ చోటుకు వ్యతిరేక సాక్ష్యం కాదు, ఎస్ బ్లాక్ మొదటి మూలకం ఎంత వింతగా ఉండాలో అంత వింతగానే ఉంది. తప్పు చోటు ఎవరిదైనా ఉంటే అది హీలియందే. అయితే పట్టికను రోజూ వాడే విద్యార్థికి హీలియం బెరీలియం పైన ఉంటే మేలు కన్నా చేటే ఎక్కువ, దాన్ని కదపకపోవడమే మంచిది.

గడిని బట్టి ఏం ఊహించవచ్చో, ఏం ఊహించకూడదో మాత్రం తెలిసుండాలి. సంయోజకత 1, అలోహాలతో ఆక్సీకరణ స్థితి ప్లస్ 1, వర్ణపటం తీరు, ఇవి ఒకటో గ్రూపు చెప్పినట్టే ఉంటాయి. స్ఫటిక నిర్మాణం, వాహకత, నీటితో చర్య, లవణాల అయానిక స్వభావం, ఏవీ కలవవు. హైడ్రోజన్ బంధం సంగతి ఏ గ్రూపూ చెప్పలేదు. నీరు 100 డిగ్రీలకు, అంతకన్నా బరువైన హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60కి మరగడం వెనక ఉన్నది సగం బట్టలూడిన ప్రోటాన్ పక్క అణువులోని ఆక్సిజన్‌ను వెతుక్కోవడమే.

ఐసోటోపులదీ ఇలాంటి కథే. డ్యుటీరియం బరువు మామూలు హైడ్రోజన్‌కు రెట్టింపు. లిథియం 6, 7ల మధ్య తేడా ఆరింట ఒక వంతే. ఇంత తేడా ఉండబట్టే రసాయన చర్యతో వాటిని పారిశ్రామిక స్థాయిలో వేరు చేయగలుగుతున్నారు. తెలంగాణలో గోదావరి ఒడ్డున మణుగూరులో ఉన్న భారజల కర్మాగారం పని ఇదే. అక్కడ నీటినీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునూ ఎదురెదురుగా నడిపిస్తారు. 30 డిగ్రీల దగ్గర ఉన్న చల్లటి టవర్‌లో డ్యుటీరియం నీటిలోకి మొగ్గుతుంది, 130 డిగ్రీల వేడి టవర్‌లో ఆ మొగ్గు తగ్గి వాయువులోకి పోతుంది. మామూలు నీటిలో డ్యుటీరియం వాటా 0.015 శాతం చుట్టూ ఉంటుంది. రెండు టవర్ల మధ్య ఆ చిన్న మొగ్గును మళ్లీ మళ్లీ వాడుకుంటూ గాఢత పెంచుతారు.

లోహ హైడ్రోజన్ దొరికితే ఈ వాదమంతా ముగుస్తుందని కొందరు అంటారు. 1935లో విగ్నర్, హంటింగ్టన్ 25 గిగాపాస్కళ్ల పీడనం దగ్గర ఘన హైడ్రోజన్ లోహం కావచ్చని లెక్కగట్టారు. ఆ పీడనం చాలలేదు. 2017లో 495 గిగాపాస్కళ్ల దగ్గర సాధించామన్న ప్రకటన వచ్చి వివాదమైంది. 2020లో ఫ్రాన్స్ బృందం 425 గిగాపాస్కళ్ల దగ్గర, 80 కెల్విన్ల ఉష్ణోగ్రతలో పరారుణ కాంతి ప్రసారం హఠాత్తుగా పడిపోవడాన్ని చూపించింది. గురుగ్రహం లోపల ద్రవ హైడ్రోజన్ వాహకంగా ఉందన్నది ఇప్పుడు సాధారణంగా ఒప్పుకునే మాట. అయితే ఇంతటి పీడనం దగ్గర లోహత్వం గ్రూపును పట్టి చూపించే గుణం కాదు. అసలైన క్షార లోహాన్ని అదే యంత్రంలో పెట్టి నొక్కి చూశారు. 2009లో సుమారు 200 గిగాపాస్కళ్ల దగ్గర సోడియం తన లోహపు మెరుపు పోగొట్టుకుని, కాంతి చొచ్చుకుపోయే, విద్యుత్తు పారని పారదర్శక బంధకంగా మారింది.